విప్పిన వీణ

గవరయ్య వీణలు చేసే కొట్టంలో పని ఆగిపోయింది. వరసగా రెండేళ్లు వానల్లేవు. వీణలు చేయించుకునే పెద్దింటివాళ్లు ఉన్న బళ్లే అమ్ముకుంటున్నారు. ఏం చెయ్యాలో తోచక, చివరికి ఒక నిర్ణయానికొచ్చి, గురువుకు చెప్పుకుందామని గవరయ్య కొండెక్కాడు.

కొండస్వామి వంగమొక్కలకు పాదులు తవ్వుతున్నాడు.

“స్వామీ, రేపట్నుంచి మనుషుల్ని రావొద్దంటున్నాను. వీణలు అడిగేవాళ్లు వచ్చిన రోజున మళ్లీ పిలుస్తాను.”

“ఎవరెవర్ని?”

“పైడయ్య దుంగ తొలిచి వీణ కుండ చేస్తాడు. అసిరయ్య మెట్లు పెడతాడు. నరసమ్మది లక్క, మైనం పని.”

“వాళ్లలో వీణ మొత్తం చెయ్యగలిగేది ఎవరు?”

“ఎవరూ లేరండి. ఎవరి పని వాళ్లదే.”

“నేర్పలేదేం?”

“తీరికెక్కడిది స్వామీ! ఒకటి పూర్తికాకుండానే ఇంకోటి కావాలని వచ్చి కూర్చునేవారు.”

“ఇప్పుడు తీరికేగా?”

గవరయ్య నొచ్చుకున్నాడు. “నేర్పడమంటే కర్ర పాడవుతుందండి. ఉన్న పనస దుంగలు అమ్మితే తిండిగింజలైనా వస్తాయి. పనే లేనప్పుడు పని నేర్పి ఏం లాభం?”

స్వామి చేతులు కడుక్కున్నాడు. “పద. మీ నాన్న చేసిన వీణ చూసి చాలా కాలమైంది.”

ఆ వీణ కొట్టంలో ఎత్తుపీట మీద, పట్టుబట్ట కింద ఉంటుంది. కొనవచ్చినవాళ్లు ముందు దాన్నే వినేవారు. ఆ నాదం గవరయ్య చేసిన ఏ వీణకూ రాలేదు. తండ్రి పోయినప్పటి నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

స్వామి ఒక్క తీగ మీటాడు. నాదం కొట్టమంతా నిండింది. పని లేక గోడవార కూర్చున్న ముగ్గురూ తలలెత్తారు.

అది పూర్తిగా ఆగేదాకా స్వామి విన్నాడు. తర్వాత తీగలు బిగించే బిరడాలు ఒక్కొక్కటే వదులు చేశాడు. శ్రుతి సరిచేస్తాడు కాబోలు అనుకున్నాడు గవరయ్య. స్వామి తీగలు తీసి పక్కన పెట్టాడు. తీగలు ఆనే గుర్రాన్నీ తీసేశాడు. పైడయ్య ఒళ్లోంచి ఉలి, సుత్తి అందుకుని, కుండకూ పైపలకకూ మధ్య లక్క పట్టిన సందులో మొన ఆనించాడు.

గవరయ్య అరవాలనుకునేలోపే సుత్తి పడింది.

పలక నిలువునా పగిలింది.

“అయ్యో బాబూ!” నరసమ్మ రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

 జన్మలో గురువు ముందు గొంతు పెంచని గవరయ్య పెద్దగా అరిచాడు. “ఏం చేశారండీ! ఎంత బాగా అతికించినా మళ్లీ ఆ నాదం రాదు!”

“రాదు,” అన్నాడు స్వామి. “చెయ్యి లోపల పెట్టు.”

గవరయ్య కదల్లేదు. స్వామి అతని మణికట్టు పట్టుకుని, చేతిని కుండలోకి దింపాడు.

వేళ్లు లోపలి గోడను తాకాయి. కొంచెం జరిగి, ఆగిపోయాయి. వెనక్కి వెళ్లి మళ్లీ తడిమాయి. ఒక పక్క గోడ దళసరిగా ఉంది. రెండో పక్కకు వస్తూ వస్తూ కాగితంలా పల్చబడింది. అడుగున ఉలిగాట్లు అలాగే వదిలేసి ఉన్నాయి.

గవరయ్య ముఖం తెల్లబోయింది. ఇన్నేళ్లూ కుండ లోపల అంతటా ఒక్కలా, నున్నగా తొలవాలని పైడయ్యను వేధించాడు. ఎక్కడైనా ఎగుడుదిగుడు తగిలితే మళ్లీ తొలిపించాడు.

“నాన్న ఈ సంగతి నాకు చెప్పనే లేదు స్వామీ.”

“ఆయనకూ తీరిక దొరికి ఉండదు.”

గవరయ్య చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తీశాక, “పైడయ్యా, ఇలా రా,” అన్నాడు. “అసిరయ్యా, నువ్వూ. నరసమ్మా, నువ్వు కూడా.”

మర్నాటి నుంచి పనస దుంగలు కోసి, ముగ్గురూ వీణ మొత్తం చెయ్యడం నేర్చుకోసాగారు. మొదటి కుండ చీలింది. తర్వాతిది తీగలు బిగించాక డొల్లగా పలికింది. గవరయ్య పళ్లు బిగబట్టుకుని మరో దుంగ దింపించాడు. ఇంట్లో రెండు పూటలా అంబలే. పనివాళ్లకూ అదే. ఎవరూ మానెయ్యలేదు.

వానలు మొదలైన రోజుల్లో స్వామి కిందికి దిగి వచ్చాడు. గవరయ్య ఒక కొత్త వీణ ఆయన ముందు పెట్టి, తీగ మీటాడు. తండ్రి వీణ నాదం కాదది. మరింత లోతుగా, ఎక్కడో తడి ఉన్నట్టుగా పలికింది.

స్వామి ఉలిక్కిపడి చూశాడు. “ఇది నువ్వు చేసిందా?”

“కాదండి. మొదట్నుంచి చివరిదాకా నరసమ్మే చేసింది. నేను చెయ్యి కూడా వెయ్యలేదు.” గవరయ్య ఆ పట్టుబట్టను దులిపి, వీణ మీద కప్పబోయాడు. “దీన్ని ఆ పీట మీద పెట్టి, ప్రాణంలా చూసుకుంటాను స్వామీ.”

స్వామి బట్టను పక్కకు తీశాడు.

“అమ్మెయ్యి,” అన్నాడు.