మాబమ్మ అడిగిన బొమ్మ

దస్తగిరి ఫోనులో గీయించిన ముసలాయన చాలా అందంగా ఉన్నాడు. తెల్లటి గడ్డం, తల వెనక బంగారు వెలుగు, కళ్ళ నిండా కరుణ. మాబమ్మ ఫోనును రెండు చేతుల్లోకి తీసుకుని చూసి, కళ్ళకద్దుకుని, భద్రంగా తిరిగి ఇచ్చింది.

"చానా బాగుండాడు నాయనా. ఈయన ఏ దర్గా స్వామి?" అని అడిగింది.

దస్తగిరి ముఖం వాడిపోయింది. ఆమె మొగుడు హుస్సేనప్ప బొమ్మ అనుకుని చూపించాడతను.

హుస్సేనప్ప దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో పెన్నేరు పొంగినప్పుడు ఇంటితోపాటే పోయింది. ఫొటో పోతేనేం, మనిషి కళ్ళల్లో ఉన్నాడు కదా అని మాబమ్మ ధైర్యంగానే ఉండేది. ఇప్పుడు కళ్ళల్లోంచీ జారిపోతున్నాడు.

కిందటి గురువారం దర్గాకు వచ్చినప్పుడు ఆ మాటే షేక్షావలి తాతతో చెప్పుకుంది. తాత ఆ దర్గాను చూసుకునే గురువు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ను తాత అనే పిలుస్తారు.

"కండ్లు మూసుకుంటే ఆయన మొగం సరిగ్గా రావడం ల్యా తాతా. గడ్డం గుర్తుకొస్తే కండ్లు పోతాయి. కండ్లు గుర్తుకొస్తే నోరు పోతాది. రేపు నేను పైకి పోయినప్పుడు అంతమందిలో ఆయన్ని ఎట్ల గుర్తుపట్టల్ల?"

తాత ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి నిమిరాడు. పక్కన నిలబడ్డ శిష్యుడు దస్తగిరికి మాత్రం నోరు ఊరుకోలేదు.

"నేను తెప్పిస్తా అవ్వా. నా ఫోనులో యాప్ ఉండాది. మాటల్లో చెప్తే చాలు, బొమ్మ గీసిచ్చాది."

ఆ ధీమాకు కారణం ఉంది. తాత దగ్గరికి రాకముందు దస్తగిరి టౌనులో ఫ్లెక్సీల షాపులో పనిచేశాడు. శ్రద్ధాంజలి బ్యానర్లు వేయడంలో అతనికి మంచి పేరు. ఆ షాపులో పోయినవాళ్ళందరికీ ఒకటే కోటు, ఒకటే గులాబీ, వెనక ఒకటే మబ్బులు. తలకాయలు మాత్రం మారేవి. మొన్న ఉరుసుకు దర్గా బ్యానరు ఈ యాప్‌తోనే గీయించాడు. చూసినవాళ్ళంతా శభాష్ అన్నారు. దాంతో యంత్రానికి మాటలు చెప్పడం తనకు పట్టుబడిందని అనుకున్నాడు. ఒకసారి ఎవరైనా శభాష్ అంటే మనందరికీ కాస్త తల తిరగడం మామూలే.

అందుకే ఫోనులో ఇట్లా రాశాడు: 'మహోన్నతుడైన, దివ్యతేజస్సు గల, అత్యంత సుందరుడైన వృద్ధుడు. అద్భుతమైన చిత్రం. అత్యుత్తమ నాణ్యత.'

యంత్రం ఏ మాటా కాదనలేదు. అడిగిన తేజస్సంతా పోసి ఇచ్చింది.

మాబమ్మ పోల్చుకోలేకపోయేసరికి అతను ఇంకో రెండు విశేషణాలు తగిలించాడు. వెలుగు పెరిగింది. మళ్ళీ తగిలించాడు. ఈసారి ముసలాయనకు తలపాగా, అందులో పచ్చరాయి కూడా వచ్చాయి. మాబమ్మ గబగబా కొంగు నెత్తిన కప్పుకుంది. రాజుల ముందు అట్లా కూర్చోకూడదని ఆమెకు అనిపించినట్టుంది.

"నీకు శ్రమ అవుతాంది నాయనా. పోనీలే. నువ్వు తెప్పిస్తా అన్నావే, అంతే చాలు" అని, అతని గడ్డం పట్టుకుని బుజ్జగించి, లేచి ముంగిట్లో గోడ వారన నీడకు పోయి కూర్చుంది.

ఆమె తిట్టి ఉంటే దస్తగిరికి బాగుండేది. బుజ్జగించేసరికి ఏడుపొచ్చినంత పనయింది. నేరుగా తాత దగ్గరికి పోయాడు.

తాత లోపలి గదిలో కూర్చుని, భక్తులు ఫాతెహా చదివించిన చక్కెరను పంచడానికి పొట్లాలు కడుతున్నాడు. ఎదురుగా కిటికీ ఉంది. అందులోంచి ముంగిలంతా కనబడుతుంది. గురువారం కదా, జనం కిక్కిరిసి ఉన్నారు.

"ఈ యాప్ పనికిరాదు తాతా. ఎంత గొప్పగా చెప్పినా దానికి ఎక్కడం ల్యా. ఇంతకన్నా గొప్ప మాటలు నా కాడ లేవు."

తాత ఫోను వైపు చూడలేదు. కిటికీలోంచి చూస్తూ, "అది అట్ల పెట్టు. బయట ఒకాయన ఉండాడు. చానా మంచోడు, గొప్ప మనిషి. పిలుచుకోని రా" అన్నాడు.

దస్తగిరి బయటికి పోయి చూశాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద గడియారం, చుట్టూ నలుగురు మనుషులు ఉన్న ఒక పెద్దమనిషి కనబడ్డాడు. ఆయన్ను సగౌరవంగా తీసుకొచ్చాడు. తాత ఆయన్ను ఆప్యాయంగా పలకరించి, చక్కెర పొట్లం ఇచ్చి, సాగనంపాడు.

"ఈయన కాదు. ఆయన ఇంకా గొప్పోడు. మనసు వెన్న."

దస్తగిరి మళ్ళీ పోయాడు. ఈసారి నిండు గడ్డంతో, కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుతున్న ఒక పెద్దాయన్ను తీసుకొచ్చాడు. పాపం, ఆయన ఎందుకు పిలిచారో తెలియక గాభరాపడ్డాడు. తాత ఆయనకూ పొట్లం ఇచ్చి, దండం పెట్టి పంపించాడు.

"ఈయన కూడా కాదురా. నేను చెప్పే ఆయన ఎంతో ఉత్తముడు."

దస్తగిరికి విసుగొచ్చింది. బయట ఎండ మాడ్చేస్తోంది. "తాతా, బయట అందరూ మంచోళ్ళే. నువ్వు ఎవర్ని చూచ్చాండావో నాకెట్ల తెలుస్తాది?"

"ఓ, అదా" అన్నాడు తాత, పొట్లం మడుస్తూనే. "బిడ్డ నిద్రపోయిందని భుజం మార్చుకోకుండా ఎండలోనే నిలబడుకోని ఉండాడు. బిడ్డ మొగం మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చొక్కాకు గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకున్నాడు."

దస్తగిరి గుమ్మం దాటాడో లేదో, మనిషి దొరికాడు. ఇందాక రెండుసార్లు అతని పక్కనుంచే పోయాడు తను.

ఆ మనిషి బిడ్డతో లోపలికి వచ్చాక తాత తన చాప కాస్త జరిపి, "ఇట్ల నీడకు కూర్చో నాయనా. బిడ్డ లేచినాక పోదువులే" అన్నాడు. మళ్ళీ పొట్లాలు కట్టుకోసాగాడు.

దస్తగిరి ఫోనులో తను రాసిన మాటలు ఒకసారి చదువుకున్నాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని గోడ వారకు పోయి, మాబమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, హుస్సేనప్ప తాత ఎట్ల ఉండేటోడు?"

"మంచోడు నాయనా. దేవునట్లాంటోడు."

పొద్దున అయితే దస్తగిరి అదే రాసుకునేవాడు. ఇప్పుడు రాసుకోలేదు.

"అది కాదవ్వా. ఇంట్లో ఏం చేస్తా కూర్చునేటోడు?"

"ఏం చేస్తాడు, దూది ఏకేటోడు. వసారాలో కింద కూర్చోని, పెద్ద విల్లు పట్టుకోని, దాని నారి దూదిలో కొడతా."

"నువ్వు యాడ ఉండేదానివి?"

"నేను పొయ్యి కాడ. యాపొద్దు చూసినా నాకు కనపడేది ఆ వీపే." మాబమ్మ చిన్నగా నవ్వింది. "ఆ విల్లు కొట్టీ కొట్టీ కుడి భుజం కిందికి వాలిపోయినాది. బనీను ఆ పక్కనే అరిగేది. కొత్తది తొడుక్కోమంటే వినడు, అరిగిందే మెత్తగుంటాదంటాడు. పెండ్లికి పోయినా చెవి ఎనక ఇంత దూది. నేనే తీసేదాన్ని."

"పక్కన ఏముండేది అవ్వా?"

"నీళ్ళ చెంబు. దూది పడకుండా పైన పళ్ళెం మూసి పెట్టేదాన్ని. అన్నానికి పిలిస్తే ఇనపడేది కాదు నాయనా, విల్లు మోతకు. గట్టిగా పిలవాల. అప్పుడు తిరిగేటోడు."

ఆమె చెబుతూ పోయింది. దస్తగిరి మధ్యలో అడ్డు రాలేదు. ఇంతకాలం ఎవరూ ఆమెను ఈ సంగతులు అడిగినట్టు లేదు. తను కూడా అడగకుండానే ఆమె మొగుడికి కిరీటం ఒక్కటి తప్ప అన్నీ పెట్టేశాడు. తలుచుకుంటే సిగ్గేసింది.

అప్పుడు ఫోను తీసి మెల్లగా రాశాడు: 'మిట్టమధ్యాహ్నం. మట్టి ఇంటి వసారా. వంటింటి గడపలోంచి చూస్తున్నట్టు. ఒక ముసలాయన వీపు మనవైపు పెట్టి నేల మీద కూర్చుని విల్లుతో దూది ఏకుతున్నాడు. కుడి భుజం కిందికి వాలి ఉంది. బనీను కుడి భుజం దగ్గర అరిగిపోయింది. చెవి వెనక దూది. పక్కన పళ్ళెం మూసిన నీళ్ళ చెంబు.'

అలవాటు కొద్దీ చివర్లో వేలు 'అద్భుతమైన' అని కొట్టేసింది. అతను దాన్ని చెరిపేశాడు.

బొమ్మ వచ్చింది. విల్లు సరిగా రాలేదు. అట్లాంటి విల్లుతో ఎవరూ దూది ఏకలేరు. దస్తగిరి ఆ సంగతి చెప్పబోయేలోపలే మాబమ్మ అతని చేతిలోంచి ఫోను లాక్కుంది. ఈసారి కళ్ళకద్దుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని వంగి చూసింది.

"చూడు, మళ్ళా అదే బనీను" అని కసురుకుంది.

దస్తగిరి సంతోషం పట్టలేక ముందుకు జరిగాడు. "అవ్వా, ఇట్ల ఇయ్యి. మొగం గూడా తెప్పిస్తా. కండ్లు ఎట్లుండేవో చెప్పు."

మాబమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు నాయనా" అంది.

తర్వాత ఒళ్ళోని బొమ్మ మీదికి వంగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు చిన్నగా పిలిచింది.

"ఏమయ్యా."

కాస్త ఆగింది. మళ్ళీ, ఈసారి కొంచెం గట్టిగా, "ఏమయ్యా, కూడు చల్లారుతాంది. లెయ్యి" అంది.

పొట్లాలు పంచుతూ బయటికి వచ్చిన తాత ఆ మాట విని అక్కడే ఆగిపోయాడు. బొమ్మలో ముసలాయన వీపు అట్లాగే ఉంది. మాబమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె ముఖంలోకి మెల్లగా నవ్వు వచ్చింది, కళ్ళ కొసల నుంచి నీళ్ళు కూడా వచ్చాయి.

"తిరిగినాడు" అంది.

దస్తగిరి ఫోను కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాత వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"రా నాయనా, మనం అట్ల పోదాం" అన్నాడు. "వాళ్ళను అన్నం తిననీ."