చౌడమ్మ తవ్వి చూసిన ఇల్లు

అనగనగా ఒక ఊళ్ళో, అడుగేస్తే కాళ్ళకు ఎర్రమట్టి అంటుకునే ఊళ్ళో, చౌడమ్మ అని ఒక నేతగత్తె ఉండేది. ఆమె మొగుడు పుల్లన్న. ఇద్దరూ కలిసి చీరలు నేసేవాళ్ళు. వాళ్ళు నేసిన చీర చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. కానీ పాపం, సొంత ఇల్లు లేదు.

మగ్గం ఎలా ఉంటుందో తెలుసా, బంగారూ? ఇంట్లో నేలను నడుము లోతు తవ్వుతారు. ఆ గుంతలోకి కాళ్ళు జారవిడిచి కూర్చుంటారు. కాళ్ళతో కింద చెక్కలు తొక్కుతూ చేతులతో నేస్తారు. గుంత లేనిదే మగ్గం లేదు, మగ్గం లేనిదే కూడు లేదు.

ఇల్లు మారినప్పుడల్లా పాత గుంత పూడ్చాలి, కొత్త గుంత తవ్వాలి. చౌడమ్మ మూడు అద్దె ఇళ్ళు మారింది. మూడు గుంతలు తవ్వింది. రెండు పూడ్చింది. మూడో ఇంటామె కూడా వచ్చి, "మావాడికి పెళ్ళి కుదిరింది, ఖాళీ చెయ్యండమ్మా" అంది. అప్పుడు చౌడమ్మకు ఒళ్ళు మండింది.

"ఇంక చాలయ్యా! ఈసారి తవ్విన గుంత మళ్ళీ పూడ్చేది లేదు. సొంత ఇల్లు కొందాం" అంది మొగుడితో.

ఏడేళ్ళుగా కూడబెట్టుకున్న డబ్బు ఉంది. అది ఒక ఇంటికి సరిపోతుంది, రెండో ఇంటికి చాలదు. అందుకని కొనే ఆ ఒక్క ఇల్లూ మంచిది కావాలి మరి.

ఆ తర్వాత ఓబులేసు అనే ఆసామి వాగు పక్క వీధిలో ఇల్లు అమ్ముతున్నాడని తెలిసింది. ఇద్దరూ వెళ్ళారు. అబ్బో, ఏం ఇల్లు! తెల్లగా సున్నం కొట్టి ఉంది. గడపకు పసుపు రాసి ఉంది. తలుపు మీద చిలకలూ పూలతీగలూ చెక్కి ఉన్నాయి. పుల్లన్న ఆ చిలకల్ని చూసి అక్కడే కరిగిపోయాడు.

"ఆలస్యం అమృతం విషం అన్నారు. రేపు ఇంకొకరు వస్తామన్నారు" అన్నాడు ఓబులేసు.

పుల్లన్న చెయ్యి బయానా ఇవ్వడానికి నడుముకున్న సంచీ దగ్గరికి పోయింది. చౌడమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"రెండణాల కుండ కొన్నా తట్టి చూస్తాం కదన్నా. ఇల్లు చూడకుండా కొంటామా? మూడు రోజులు తాళం ఇవ్వు."

ఓబులేసు మొహం మాడ్చుకున్నాడు గానీ ఇచ్చాడు.

మొదటి రోజు చౌడమ్మ వంటింట్లో పొయ్యి వెలిగించింది. కావాలనే పచ్చికట్టెలు పెట్టింది. పొగ గదిలో సుళ్ళు తిరుగుతుందేమో, కళ్ళు మండుతాయేమో అని చూసింది. పొగంతా బుద్ధిగా పొగగూట్లోంచి బయటికి పోయింది. "చూశావా!" అన్నాడు పుల్లన్న.

రెండో రోజు పుల్లన్నను మిద్దె ఎక్కించింది. ఇరవై బిందెల నీళ్ళు పోయించింది. తాను కింద వెల్లకిలా పడుకుని కప్పు వంకే చూసింది. ఒక్క చుక్క రాలితే ఒట్టు! పుల్లన్న నడుం పట్టుకుని దిగొచ్చి, "మీ నాయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదే" అన్నాడు.

"పెట్టుంటే బాగుండేది" అంది చౌడమ్మ.

మూడో రోజు గడ్డపార తెచ్చింది. అప్పుడు ఓబులేసు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కొనకముందే ఇల్లు తవ్వుతారా ఎక్కడన్నా? ఇదేం చోద్యం!" అని అరిచాడు. వీధి వీధంతా మూగింది.

"గుంత పొడిగా ఉంటే ఇప్పుడే డబ్బు చేతిలో పెడతా. లేదంటే నేనే పూడ్చి, అలికి, ముగ్గేసి ఇస్తా. సరేనా?" అంది చౌడమ్మ. అంతమందిలో కాదంటే బాగుండదని ఓబులేసు పక్కకు తప్పుకున్నాడు.

మోకాలి లోతు వరకు మట్టి పొడిగా ఉంది. తొడ లోతుకు చల్లగా తగిలింది. నడుము లోతుకు వచ్చేసరికి అడుగున బుడబుడమని నీళ్ళు! చూస్తుండగానే చౌడమ్మ పిక్కలు మునిగాయి. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే మరి. ఓబులేసుకు తెలియదా అంటే, తెలుసు. అందుకే అంత తొందర.

చౌడమ్మ గెలిచినట్టే కదా? కానీ ఆ గుంత గట్టున కూలబడి ఏడ్చేసింది. ఆమెకూ ఆ ఇల్లు నచ్చింది, బంగారూ. మగ్గం ఏ వైపు పెట్టాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది. "నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని ఎట్లా నేసేదయ్యా?" అంది. పుల్లన్న పైపంచెతో ఆమె కాళ్ళు తుడిచాడు.

అప్పుడు గుంపులోంచి ఒకామె తోసుకుంటూ వచ్చింది. ఆమె పేరు ఈరమ్మ. నూలుకు రంగులు అద్దడం ఆమె పని. గుట్ట మీద ఇంట్లో ఉంటుంది, అక్కడ నీళ్ళ చుక్క దొరకదు. రోజూ కావిళ్ళతో మోయించుకోవాల్సిందే.

ఈరమ్మ దోసిలితో నీళ్ళు తీసి నాలుక మీద వేసుకుంది. "ఉప్పగా లేవే!" అంది. తర్వాత బొడ్లోంచి నూలుపోగు తీసి తడిపింది, రంగు పొడి అద్దింది. పోగు ఎర్రగా, నిండుగా పట్టింది. గట్టిగా పిండినా దిగలేదు.

"అన్నా, ఈ ఇల్లు నేను కొంటా!" అంది ఓబులేసుతో. "నడిమింట్లో బావి కట్టించుకుంటా. నాకు కావాల్సింది ఈ నీళ్ళే." ఆ తర్వాత చౌడమ్మ వైపు తిరిగి, "అక్కా, గుట్ట మీది నా ఇల్లు నువ్వు కొనుక్కో. కానీ ముందే చెప్తున్నా. వాన పడితే తూర్పు మూల మిద్దె కారుతుంది. వెనక తలుపు భుజం వేసి తోస్తే గానీ తెరుచుకోదు. గోడ సందుల్లో తేళ్ళుంటాయి, భద్రం" అంది.

చౌడమ్మ ఏడుపు మరిచి నవ్వింది. "ముందే చెప్పిన తప్పు సగం బాగుచేసినట్టే, చెల్లీ. అయినా సరే, తవ్వి చూస్తా!"

"తవ్వక్కా, నేనూ ఒక చెయ్యేస్తా" అంది ఈరమ్మ.

అందరూ గుట్ట ఎక్కారు. ఇద్దరు ఆడవాళ్ళూ మార్చి మార్చి తవ్వారు. మోకాలి లోతున దుమ్ము, తొడ లోతున దుమ్ము, నడుము లోతున కూడా దుమ్మే! ఆ దుమ్ముకి పుల్లన్న వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. చౌడమ్మ గుంతలోకి కాళ్ళు జారవిడిచి కూర్చుంది. "ఇంక నన్ను ఇక్కణ్ణుంచి ఎవరూ లేపలేరు" అంది.

తూర్పు మూల మిద్దెకు కొత్త మట్టి వేశారు. తేళ్ళ సందులు పూడ్చారు. వెనక తలుపు మాత్రం ఇప్పటికీ భుజం వేసి తోయాల్సిందేనట.

ఒక ఏడాది గడిచింది. ఒకరోజు ఓబులేసు చౌడమ్మ గడప దగ్గరికి వచ్చి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏందన్నా?" అంది చౌడమ్మ.

"ఏం లేదమ్మా. నా కూతురికి ఇల్లు కొంటున్నా. అమ్మేవాడు తెగ తొందర పెడుతున్నాడు. నువ్వు... ఆ గడ్డపార పట్టుకుని ఒక్కసారి వస్తావా?"

చౌడమ్మ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత చీర దోపుకుని, గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరింది.

పొయ్యి రాజేసి పొగ చూడు,
మిద్దె తడిపి చుక్క చూడు,
గుంత తవ్వి గుట్టు చూడు,
గుట్టు తెలిశాకే గడప దాటు!
కథేమో కంచి దారి పట్టింది,
మనమేమో మన ఇంట్లోనే ఉన్నాం,
కళ్ళు మూసుకో, బంగారూ.