పున్నమ్మ చూసొచ్చిన మేడ

అనగనగా ఒక ఊళ్ళో ఒక సాలెల వీధి. ఆ వీధిలో పున్నమ్మ, బుచ్చయ్య అనే ఆలుమగలు. చిన్న ఇల్లు, ఒక మగ్గం, తిండికి లోటు లేదు.

పున్నమ్మ తోడికోడలు అచ్చమ్మ. ఆమె మొగుడు నేత మానేసి బట్టల వ్యాపారంలోకి దిగాడు. కలిసొచ్చింది. ఊరి బయట తోటలో పెద్ద మేడ కొన్నాడు. పాలు పొంగించిన నాడు అచ్చమ్మ గదులన్నీ తిప్పి చూపించింది.

"ఈ మూల నుంచి పిలిస్తే ఆ మూలకి వినపడదే చెల్లీ. ఎలా వేగాలో ఏమో" అంది. కష్టం చెప్పుకున్నట్టే చెప్పింది.

ఆ మాటతో పున్నమ్మకి పాయసం చేదయింది. ఇంటికొస్తే తన ఇల్లు పిచ్చుకగూడులా కనపడింది.

అచ్చమ్మ మేడ పక్కనే ఇంకో మేడ అమ్మకానికుందని తెలిసింది. అది కొనాలంటే దాచుకున్నదంతా పోసి, సాలెల వీధిలో ఇల్లు కూడా అమ్మెయ్యాలి. అయినా సరేనని పున్నమ్మ అన్నం మానేసి కూర్చుంది. చూసొద్దాం పదమన్నాడు బుచ్చయ్య.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. కిటికీలు లెక్కపెట్టింది. అచ్చమ్మకి పద్నాలుగు, దీనికి పదహారు. కడుపు చల్లబడింది.

రెండోసారి ఒక తాడు పట్టుకెళ్ళింది. అచ్చమ్మ సావిడిని ఎవరూ చూడకుండా కొలిచి ముడేసుకున్న తాడు అది. ఈ సావిడి ముడి దాటి రెండు మూరలు పోయింది. ఇల్లమ్మే షావుకారు బావి కూడా చూడమన్నాడు.

"మా అక్క బావి కన్నా లోతేనా?" అని అడిగింది పున్నమ్మ.

ఇక బేరం కుదిరిపోతుందనగా బుచ్చయ్య నోరు విప్పాడు. "కొందాంలే. ముందు ఒక పడుగు ఇక్కడ సాచి చూద్దాం. మనతోపాటు మగ్గం కూడా కాపురానికొస్తుంది కదా."

పడుగంటే బట్టకి నిలువు పోగులు. పొద్దున్నే వాటిని బారుగా సాచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. సాలెల వీధిలో ఎవరు పడుగు సాచినా పది గడపలవాళ్ళు వచ్చి చెయ్యేస్తారు. పిలవక్కర్లేదు.

మూడోసారి నెలరోజుల నూలు పట్టుకెళ్ళారు. తోటలో చోటు బోలెడు. మొగుడో కొస, పెళ్ళామో కొస పట్టుకున్నారు. నడుమ పట్టే చెయ్యి లేదు. పున్నమ్మ పరుగున వెళ్ళి అచ్చమ్మ తలుపు తట్టింది.

"గంజి చేతులతో కనపడితే మా ఆయన కోప్పడతారే" అని అచ్చమ్మ గడప దాటలేదు.

ఎండెక్కింది. గంజి ఎండి పోగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే పటపటా తెగాయి.

పున్నమ్మకి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. మేడ వద్దని షావుకారుకి తనే చెప్పింది.

తెగిన పడుగు మోసుకుని తలొంచుకుని వీధిలోకొచ్చారు. ఎదురింటి వీరమ్మత్త చూసింది. ఏమైందని అడగలేదు. అరుగు మీద చాప వేసి, పోగులు ముందేసుకుని అతకడం మొదలెట్టింది. ఒక్కొక్కరే ఇంకో అయిదుగురు వచ్చి కూర్చున్నారు.

"మొన్న మా పడుగుకి రాలేదేం? నువ్వు లేక నా నడుం విరిగింది" అని కసిరింది వీరమ్మత్త.

అచ్చమ్మ మేడ తలుచుకుంటే పున్నమ్మకి ఇప్పటికీ కాస్త మంటే. ఇల్లు మాత్రం అమ్మలేదు.

ఇంకొకరి మేడ చూసి ఇల్లు కొనుక్కుంటే, అందులో అసూయ సుఖంగా ఉంటుంది, మనం ఉండలేం.