బొటనవేలంత సందు

కొండవాలున ఒక ఇంట్లో ఇల్లాలు చనిపోయింది. మొగుడూ, పెళ్ళీడుకొచ్చిన కూతురూ మిగిలారు.

ఆ కొండ మీద మనిషిని మట్టి చేయడంతో పని అయిపోదు. పోయినవాళ్ళు వండిన కుండతోనే ఇంటి పెద్ద సారా బట్టీ కట్టాలి. ఆ ఏడు రాలిన ఇప్పపూలతో సారా కాయాలి. తొలి ముంత గుమ్మం ముందు నేల మీద పోయాలి. అది పోయినవాళ్ళ వాటా. అది తాగాకే వాళ్ళు ఇల్లు వదిలి వెళతారని అక్కడివాళ్ళ నమ్మకం. మిగతాది ఊరంతా కూర్చుని తాగి, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు.

అంతవరకూ ఆ ఇంటివాళ్ళు తలకు నూనె రాయకూడదు. ఆ ఇంట పెళ్ళి జరగకూడదు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆ ఇంటివాళ్ళను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. తెలిసిన పేరు చెవిన పడితే పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారట. సారా పోసిన రోజున ఊళ్ళో పెద్దావిడ నూనె గిన్నె పట్టుకొచ్చి, గుమ్మం ముందు నిలబడి, ఒక్కొక్కరినీ పేరుతో గట్టిగా పిలుస్తుంది. పలికి బయటికొచ్చినవాళ్ళు మళ్ళీ మామూలు మనుషులవుతారు.

కొన్నాళ్ళే కదా అనుకున్నారు అందరూ. చాలా ఇళ్ళలో కొన్నాళ్ళే మరి.

కూతురికి అప్పటికే సంబంధం కుదిరింది. అవతలి కొండ మీద తేనె పట్టుకునే కుర్రవాడు అడిగితే తల్లి బతికుండగానే సరేనంది. ఇప్పపూలు రాలేదాకా ఆగుతానని అతను కబురు పంపాడు. ఆ పిల్ల ఆ కబురు విని ఆ రోజంతా ఇల్లు ఊడ్చిందే ఊడ్చింది.

తండ్రికి సారా తాగడం తెలుసు గానీ కాయడం తెలియదు. అదంతా ఇల్లాలే చూసుకునేది. అయినా ఇంటి పెద్ద తప్ప మరొకరు చేయి వేయకూడదు కాబట్టి, ఆమె చేస్తుండగా చూసింది గుర్తు చేసుకుంటూ మొదలుపెట్టాడు. ఆమె అన్నం వండిన పెద్ద కుండను పొయ్యి మీద పెట్టాడు. దాని మెడ దగ్గర కన్నం తొలిచి వెదురు గొట్టం దూర్చాడు. గొట్టం రెండో చివర ముంతలో పెట్టి, ముంతను చల్లటి వాగునీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టాడు. కుండ మీద మూకుడు బోర్లించి, చుట్టూ పుట్టమన్ను మెత్తాడు. పులియబెట్టిన ఇప్పపూల ఊట లోపల కాగి, ఆవిరై గొట్టంలోకి పోవాలి, చల్లబడి ముంతలో చుక్కలుగా పడాలి. ఉన్నదంతా ఇంతే. కానీ ఎక్కడా చిన్న సందు కూడా ఉండకూడదు.

ముందు ఉత్త నీళ్ళు పోసి మరిగించి చూశాడు. సందు ఉంటే ఆవిరికి కదులుతుందని కోడి ఈక ఒకటి పట్టుకుని మట్టి చుట్టూ తిప్పాడు. ఈక కదలలేదు. గొట్టం చివర నీటి చుక్కలు పడ్డాయి. తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తల్లి పోయాక మొదటిసారి నవ్వుకున్నారు.

ఊరంతా వచ్చిన రోజున మాత్రం ఒక్క చుక్క రాలేదు. పుట్టమన్నులో బూడిద కలపాలన్న సంగతి అతనికి తెలియదు. రెండోసారి మంట తగిలేసరికి గోడవైపు మట్టి బీటలు వారింది. ఎదురుచూసి ఎదురుచూసి జనం లేచారు. పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ కూర్చుని తాగితే ఇలాగే ఉంటుందని పిల్ల మేనమామలు ఎకసెక్కెం ఆడారు. అతని అక్క మాత్రం, పోనీలేరా, వచ్చే ఏడు కాయి అని వెన్ను నిమిరి వెళ్ళింది.

అందరూ వెళ్ళాక అతను బీట ఎక్కడుందో చూద్దామని పొయ్యి వెనక్కి వెళ్ళాడు. సన్నటి ఆవిరి మొహానికి తగిలింది. ఇప్పపూల వాసన. ఏటా ఆ రోజుల్లో ఆమె పూలబుట్ట చంకన పెట్టుకుని ఇంటికొస్తే, కొప్పులోంచీ కోకలోంచీ వచ్చే వాసన అది. అతను కళ్ళు మూసుకుని అక్కడే నిలబడిపోయాడు. బీట మూయడానికి తెచ్చిన తడి మట్టి చేతిలోనే ఎండిపోయింది. ఆవిరి గోడంతా పాకి, పైకప్పు గడ్డిలో ఇంకింది. వానాకాలం వచ్చేదాకా ఇల్లు ఆమెలాగే వాసన వేసింది.

ఇక్కడే అతని బుద్ధి పెడదారి పట్టింది. సారా నేల మీద పోస్తే ఆమె వెళ్ళిపోతుంది. పోయకపోతే ఉంటుంది.

మరుసటి ఏడు అతను బూడిద కలిపి, మట్టిని వెన్నలా పిసికాడు. ఉత్త నీళ్ళతో చూసినప్పుడు కూతురే ఈక పట్టుకుని చుట్టూ తిప్పింది. ఎక్కడా కదలలేదు. ఆ పిల్ల సంబరంగా కడవ ఎత్తుకుని వాగుకు పోయింది. ఆమె కనుమరుగయ్యాక అతను పొయ్యి వెనక్కి వెళ్ళి, బొటనవేలు తడి చేసుకుని, మూకుడు అంచు కింద మట్టిలోకి నొక్కాడు.

ఆ ఏడూ చుక్క రాలేదు. జనం ముక్కున వేలేసుకున్నారు. అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం నాటకం కాదు. కూతురు పక్కన కూర్చుని అతని భుజం మీద చేయి వేసింది.

"పోనీలే అయ్యా. వచ్చే ఏడు వస్తుంది."

ఆ మాట ఆ పిల్ల ఏటా అన్నది. ఏటా ఈక కదలకపోవడం, ఆమె వాగుకు పోవడం, గొట్టం ఎండిపోవడం మామూలైపోయింది. ఊరికి కూడా అలవాటైపోయింది. ఆమెను ఒసే పిల్లా అనీ, ఆ చివరింటి పిల్ల అనీ పిలిచేవారు. నూనె లేని జుట్టు అట్టలు కట్టింది. సాటి పిల్లలు పెళ్ళిళ్ళయి, బిడ్డల్ని ఎత్తుకుని, ఆమె గుమ్మం ముందు నుంచే వాగుకు పోయేవారు.

తేనె కుర్రవాడు చాలా ఏళ్ళే ఆగాడు, పాపం. చివరికి ఒకరోజు వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి దగ్గాడు. ఆమె బయటికొచ్చింది.

"ఈ ఏడూ రాలేదా?" అన్నాడు.

"రాలేదు," అంది.

అతను ఆకులో చుట్టిన తేనెపట్టు కంచె మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఏడే అతనికి వేరే పిల్లతో పెళ్ళయింది. ఆమె ఆ తేనెపట్టు తెచ్చి తండ్రి అన్నంలో పిండింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గానీ మింగలేకపోయాడు.

ఈసారి తన చేతిని అదుపులో పెట్టుకోవాలని అతను నిజంగానే అనుకున్నాడు. మరుసటి ఏడు మట్టిలో వేలు పెట్టలేదు. మంట అందుకుంది, కుండ గుడగుడలాడింది. గొట్టం చివర ఒక చుక్క ఊరి, వణుకుతూ వేలాడింది. కూతురు ఆ చుక్కనే కళ్ళప్పగించి చూస్తోంది. అతనికి మాత్రం ఆ చుక్కలో పెళ్ళాం ఇల్లు దాటి పోతున్నట్టే అనిపించింది. మంట ఎగదోస్తానని చెప్పి పొయ్యి వెనక్కి పరుగెత్తాడు. వేలు కాలి బొబ్బలెక్కింది. ఆ చుక్క కింద పడకుండానే గొట్టం చివరే ఆరిపోయింది.

కాలిన వేలికి ఆముదం రాసింది కూతురే. మంట దగ్గర జాగ్రత్తగా ఉండాలి కదయ్యా అని మందలించింది కూడా.

అతను ముసలివాడై మంచం పట్టాడు. చివరి రోజున ఆమె చేయి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఆఖరికి, "వెనకవైపు చూసుకో తల్లీ," అన్నాడు. అంతే, ప్రాణం పోయింది.

ఇప్పుడు ఇంటి పెద్ద ఆమే. పూలు రాలే కాలానికి బట్టీ మూలనుంచి తీసి పాత మట్టి పెళ్ళగించడానికి కూర్చుంది. ముందువైపు మట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. వెనకవైపు పెచ్చు చేతిలోకి తీసుకుని ఆగింది. అందులో ఒక గుంట ఉంది. మంటకు ఇటుకలా కాలింది. లోపల ఆవిరి పారిన జాడ నున్నగా ఉంది. గుంట చుట్టూ వేలిముద్ర గీతలు ఉన్నాయి.

ఆమె తన బొటనవేలు అందులో పెట్టి చూసింది. వదులైంది. అది తండ్రి వేలు. కాలిన వేలు గుర్తొచ్చింది, ఆముదం రాసింది గుర్తొచ్చింది. వచ్చే ఏడు వస్తుందిలే అని తానే ఓదార్చిన ఏళ్ళన్నీ గుర్తొచ్చాయి. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక మట్టిపెచ్చు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, మట్టిలో బూడిద కలిపి పిసికింది.

ఊరంతా వచ్చింది. ఈసారి ధారగా వచ్చింది సారా. కొంచెం తీసి నిప్పుల మీద చల్లితే నీలంగా మంట లేచింది. పెద్దలు మెచ్చుకున్నారు. ఆయనకు చేతకాలేదు గానీ పిల్ల చేయి మంచిదన్నారు. ఆమె మట్టిపెచ్చు చూపించలేదు. దాన్ని అప్పటికే పొయ్యిలో వేసేసింది.

తొలి ముంత గుమ్మం ముందు పోసి, "ఇది అమ్మకు," అంది. రెండో ముంత పోయడానికి ఆమె చేయి కాసేపు ఆడలేదు. తర్వాత పోసింది. "ఇది అయ్యకు," అంది. ఆచారం ప్రకారం ఆమె లోపలికి వెళ్ళి గుమ్మం వెనక నిలబడింది.

ఇప్పుడు ఊళ్ళో పెద్దావిడ మేనత్తే. నూనె గిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. గట్టిగా పిలుద్దామని నోరు తెరిచింది. పేరు రాలేదు.

ఆవిడ తల గోక్కుంది. వెనక్కి తిరిగి జనాన్ని అడిగింది. అదేదో పువ్వు పేరని ఒకాయన అన్నాడు. కాదు, పుట్టిన వారం పేరని ఇంకొకావిడ అంది. సాటి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నవాళ్ళకైతే ఆమెకొక పేరు ఉండేదనే తెలియదు. పేరు పెట్టిన ఇద్దరూ నేలలో ఉన్నారు.

"పిల్లా, నువ్వే చెప్పేయవే," అంది మేనత్త.

ఎవరూ పేరు పెట్టి పిలవకుండానే ఆమె బయటికొచ్చింది. తలలో సగం నెరిసింది. తనకు ఆ పేరు గుర్తుందో లేదో ఆమె చెప్పలేదు. వంగి, తొట్టిలోంచి ముంత తీసి, నిండా సారా పోసి, గుమ్మం ముందు తడిసిన చోటే మూడో ముంత కూడా వంచింది.

ఆ ఇంట్లో పోయింది ఇద్దరే కదా.

"ఇది ఎవరికే?" అంది మేనత్త.

"ఇందాక నువ్వు పిలవబోయిన పిల్లకు," అంది ఆమె.