తిట్టి ఏడిస్తే నిలిచిన వీరుడు

రేగుమిట్ట గ్రామానికి పడమట, వంక దాటే చోట గురవనాయుని వీరగల్లు భక్తులకు దర్శనమిస్తుంది. రాతిపై కత్తి దూసిన వీరుడు, అతని కాళ్ల వద్ద రెండు ఎద్దులు చెక్కబడి ఉన్నాయి. ఎద్దులు వీరునివి కావు. తెలియక వాటిని "నాయుడిగారి ఎద్దులు" అంటూ పసుపు పూసేవారిని పొరుగూరు జిల్లేళ్లవంక వారు ఇప్పటికీ క్షమించరు.

పూర్వం ఇక్కడ గురవనాయుడు, వంక ఆవల జిల్లేళ్లవంకలో బాలినాయుడు బద్ధవైరులై ఉండేవారు. ఒకరి పశువులను ఒకరు తోలుకుపోవడమే వారికి వృత్తి, వినోదం. ఒకనాడు దారిదొంగలు వచ్చి బాలినాయుని ఎద్దులను తోలుకుపోయారు. వాటిని దొంగిలించే హక్కు తనకు తప్ప మరొకరికి ఎక్కడిదని గురవనాయుడు మండిపడ్డాడు. ఒంటరిగా వెంటపడి, ఎద్దులను మళ్లించి, గాయాలతో ఇక్కడే ఒరిగిపోయాడు.

వీరగల్లు నిలిపి, దానిముందు శోకం పాడితేగాని చచ్చినవానికి వీరస్వర్గం లేదని ఆనాటి నమ్మకం. పెద్దకర్మ నాడు బంధువులు రాయి నిలిపి, "పులిని చంపిన వీరుడా! అబద్ధమాడని ధీరుడా!" అని గొంతెత్తారు. రాయి పడిపోయింది. మళ్లీ నిలిపి, ఈసారి పులికి తోడు ఏనుగును కూడా చంపించారు. రాయి పూజారి కాలిమీద పడింది.

పెనిమిటి దిక్కులేక తిరుగుతాడేమోనని భార్య నాగులమ్మ కుమిలిపోయింది. ఏడ్చి ఏడ్చి కునుకు తీయగా వీరుడు కలలో కనబడ్డాడు.

"పులి పేరెత్తితే చెట్టెక్కేవాణ్ణని నీకు తెలవదంటే? ఈడ నలుగుర్లో తలెత్తుకోలేకుండా ఉండాను. నా కత్తి దెబ్బ తిన్నోణ్ణి పిలిపించు."

నాగులమ్మ సిగ్గు విడిచి వంక దాటింది. బాలినాయుడు ఆమె వెంట వచ్చాడు. రాతిని నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని తిట్లు లంకించుకున్నాడు.

"ఓరి గురవా! నా చెవి కోస్తివి గదరా! నా కోడెల్ని తోలుకపోయి, అడిగితే నీ తాత సొత్తంటివి గదరా! ఇయ్యాల వాటికోసం చస్తివేందిరా? ఇంక నేనెవురితో కొట్లాడాల్రా? ఈ వంక దాటొచ్చే మొనగాడేడిరా?"

అంటూ భోరుమన్నాడు. పులి పొగడ్తలకు రాని కన్నీళ్లు అప్పుడు ఊరంతటికీ వచ్చాయి. రాయి మరి కదలలేదు.

నేటికీ ఏటా ఆ తిథినాడు తొలి శోకం జిల్లేళ్లవంక వారిదే. వారు తిట్టి ఏడుస్తుంటే రేగుమిట్ట వారు నోరెత్తకుండా వినాలి. భక్తులు తమ వైరిని వెంటబెట్టుకుని రావడం ఆచారం. భార్యాభర్తలు జంటగా వస్తే చాలు, వేరే వైరి అక్కర్లేదు. ఇక్కడ కలిసి ఏడ్చినవారు కోర్టు వ్యాజ్యాలు గెలుస్తారని ఎవరూ చెప్పరు. వారు పోయిననాడు మాత్రం, నిజం చెప్పి ఏడ్చే మనిషి ఒక్కడైనా వస్తాడు.