వాగులో కూర్చున్న రాజకుమారుడు

అనగా అనగా పొన్నేరు దేశానికి ఒక రాజు. పేరు భద్రసేనుడు. శత్రువు దండెత్తి వస్తే పులిలా దూకేవాడు. తన జనమే తమలో తాము కొట్లాడుకుంటే మాత్రం అంతఃపురంలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు.

ఒక ఏడు వానల్లేక వాగు సన్నబడిపోయింది. పల్లపు రైతులు "నీళ్ళు మా పైరుకే" అన్నారు. గట్టుమీది గొర్రెల కాపరులు "నీళ్ళు మా మందలకే" అన్నారు. అందరూ కలిసి రాజు దగ్గరికి వెళ్ళారు. "మీ తగవు మీరే తీర్చుకోండి" అన్నాడు రాజు. తలలు పగిలాక మళ్ళీ వెళ్ళారు. "మీ తగవు మీరే తీర్చుకోండి." ఇళ్ళూ గొర్రెల దొడ్లూ తగలబడ్డాక మూడోసారి వెళ్ళారు. మళ్ళీ అదే మాట! ఆ మంటల్లో రెండు వైపులా మనుషులు పోయారు.

రాజుగారి కొడుకు మణికేతుడు ఉండబట్టలేక బయల్దేరాడు. రైతులు చెప్పింది విన్నాడు, నిజమే అనిపించింది. కాపరులు చెప్పింది విన్నాడు, అదీ నిజమే అనిపించింది. మరి తప్పెవరిది? పాపం, అతనికి బుర్ర తిరిగిపోయింది.

"ఇదంతా ఏడు సముద్రాల అవతలి కంకాళుడనే మాంత్రికుడి పని బాబూ. వాడి ప్రాణం ఓ చిలకలో ఉంది" అన్నాడు మంత్రి.

మణికేతుడికి ప్రాణం లేచొచ్చింది. తప్పు ఒక్కడిదే అయితే ఎంత సులువు!

సముద్రపుటొడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని ఈదుతూ, "చిలకను చంపితే తగవు ఆగుతుందా నాయనా?" అని అడిగింది.

"ఆగదా?"

"ఏమో! నీళ్ళలో ఉండేదాన్ని, నాకేం తెలుసు?"

ఏడు సముద్రాలూ దాటారు. మాంత్రికుడి కిటికీ కింద నిలబడి, మణికేతుడు దోరజామపండు చూపించి ఈల వేశాడు. చిలక వచ్చి చేతిమీద వాలింది. గుప్పిట బిగించాడు. లోపల కంకాళుడు గిలగిలలాడాడు.

"మా వాళ్ళనెందుకు కొట్లాడించావురా?"

"నేను చల్లింది పిడికెడు అనుమానం, అంతే! ఎన్నో రాజ్యాల్లో చల్లాను. మీ దగ్గరే ఇంత ఏపుగా మొలిచింది. ఎందుకో మీ నాన్ననడుగు!"

మణికేతుడికి ఆ మాట అర్థం కాలేదు. చిలక మెడ విరిచాడు. మాంత్రికుడు బూడిదైపోయాడు.

సంబరంగా ఇంటికొస్తే ఏముంది? వాగు దగ్గర కర్రలు లేస్తూనే ఉన్నాయి! "మాంత్రికుడు చచ్చాడు! ఇంకా ఎందుకు కొట్టుకుంటున్నారు?" అని అరిచాడు.

చెంగలి అనే కాపరి పిల్ల ముందుకొచ్చింది. ఆమె అన్న మంటల్లో పోయాడు. "వాడు చస్తే మా అన్న లేచొస్తాడా దొరా? వాగులో నీళ్ళూరతాయా? మూడుసార్లు మీ గుమ్మానికొచ్చాం. అప్పుడు మీరంతా ఏమయ్యారు?"

మణికేతుడు భటుల్ని పిలిచి రెండు గుంపుల మధ్యా నిలబెట్టి, కర్రలన్నీ కింద పెట్టించాడు. తాను వెళ్ళి వాగు మధ్యలో ఇసుకమీద కూర్చున్నాడు. ఒకరు మాట్లాడితే ఇంకొకరు వినాలన్నాడు. అర్థం కానిది మళ్ళీ అడిగాడు.

సంగతి తెలిసి రాజు నడిచొచ్చాడు. "న్యాయం ఎటుందో నాకు తెలీక తలుపేసుకున్నాను నాయనా" అన్నాడు తలవంచుకుని.

"నాకూ తెలీదు నాన్నగారూ. అందుకే కూర్చున్నాను."

చివరికి పొద్దున నీళ్ళు పైరుకూ, సాయంత్రం మందలకూ అని తేలింది. నిప్పు పెట్టినవాళ్ళకు, ఏ పక్షం వాళ్ళయినా సరే, శిక్షపడింది. కాలిన కొంపలన్నీ రాజే కట్టించాడు.

ఆ తర్వాత మణికేతుడు చెంగలిని మనసుపడి పెళ్ళాడి రాజయ్యాడు. "ఇక కాపరుల అల్లుడాయె, అటే మొగ్గుతాడు" అని గొణిగారు రైతులు. "అయితే మీ పెద్దను నా పక్కన కూర్చోబెట్టండి, మొగ్గితే చెప్తాడు" అన్నాడు మణికేతుడు.

మరి తగవులు పోయాయా? పోలేదర్రా! ప్రతి ఎండాకాలం వచ్చేవి. రాజూ వచ్చేవాడు, తల గోక్కుంటూ ఇసుకలో కూర్చునేవాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ దేశంలో మళ్ళీ ఒక్క కొంపా కాలలేదు.