పుల్లతోపాటు వచ్చే తూనీగ

ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఉందయ్యా అంటే, ఎవరూ నోరు తెరవకముందే గవరయ్య చెయ్యెత్తేవాడు. ఆ చెయ్యి దిగకుండా భార్య పైడమ్మ పట్టుకునేది.

వాళ్ళల్లుడు సింహాద్రికి తూనీగల ఫొటోలంటే పిచ్చి. దగ్గరికెళ్ళి, వాటి రెక్కల్లో ఈనెలు కూడా కనబడేలా తీస్తాడు. ఓ రోజు క్యాలెండరు వేసేవాళ్ళ నుంచి కబురొచ్చింది, ఆ సాయంత్రంలోగా ఎర్ర తూనీగ ఫొటో పంపితే కొత్త క్యాలెండరు అట్ట మీద అతను తీసిన ఫొటోయేనని. తీరా చూస్తే, ఆ పొద్దున్నే అత్తారింటి గుమ్మంలో జారి కాలు బెణికించుకుని, కట్టుతో వాకిట్లో మంచమెక్కాడు పాపం.

"మేం లేమా అల్లుడుగారూ!" అన్నాడు గవరయ్య. అల్లుడి ముందు తెలివి చూపించుకునే రోజు వచ్చిందని గుండె ఉప్పొంగిపోయింది.

సింహాద్రి కెమెరా ఇచ్చి మరీమరీ చెప్పాడు. "మావయ్యగారూ, కాలవ గట్టున ఎండుపుల్ల ఉంది. తూనీగ దాని మీదే కూర్చుంటుంది. మీ నీడ పడనివ్వకండి. ఎగిరిపోయినా కంగారుపడకండి, మళ్ళీ ఆ పుల్ల మీదికే వస్తుంది."

అంతే, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గట్టుకి వెళ్ళారు. తూనీగ ఎర్రగా నిగనిగలాడుతూ కూర్చునుంది.

"నీ నీడ పడకూడదంటే నువ్వు గొడుగు కింద ఉండాలయ్యా" అని పైడమ్మ గొడుగు విప్పింది. ఇంకేముంది, గొడుగు నీడ చాపంత పడింది. తూనీగ తుర్రుమంది.

"నా నీడ పడిందేమిటే?"

"ఛ ఛ! గొడుగుదే పడింది."

ఇద్దరూ సంతోషించారు. అప్పుడు గవరయ్యకి బుర్ర వెలిగింది. "ఒసేయ్, అది పుల్ల మీదికే వస్తుందన్నాడు గదా. పుల్ల మనింట్లో ఉంటే?"

"మనింటికే వస్తుంది! అల్లుడుగారు మంచం మీంచే తీసుకుంటారు!"

అంతే, పుల్ల పీకారు. వెనక వచ్చే తూనీగకి దారి తప్పకుండా మెల్లగా నడిచారు. వాకిట్లో చెంబెడు ఇసకలో పుల్ల గుచ్చారు. సింహాద్రి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పొద్దు వాలిపోతోంది.

దేవుడి దయ! ఎక్కణ్ణించో ఓ ఎర్ర తూనీగ వచ్చి, అల్లుడి కాలి కట్టు మీద వాలింది.

"మావయ్యగారూ... కదలకండి... కెమెరా ఇలా ఇవ్వండి" అన్నాడు సింహాద్రి, ఊపిరి బిగబట్టి.

గవరయ్య చటుక్కున లేచి కండువా విసిరాడు. "హుష్! నీ పుల్ల అక్కడుంటే, అల్లుడుగారి కాలెక్కుతావా?"

తూనీగ గోడ దాటి పోయింది. సింహాద్రికి ఏడుపొక్కటే తక్కువ. గవరయ్య మాత్రం తొణక్కుండా వట్టి పుల్లకి ఫొటో తీసి, కెమెరా అల్లుడి చేతిలో పెట్టాడు.

"బెంగపడకండి అల్లుడుగారూ. ముందు పుల్ల పంపించేయండి. క్యాలెండరు అచ్చయ్యేలోగా అదే వచ్చి కూర్చుంటుంది."